మూల స్తంభం కింద కొలత

పోయిన తుపానుకి మా వీధి వసారా పెంకులు సగం ఎగిరిపోయాయి. మిగిలిన సగం కుంగిన వాసాల మీద ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నట్టు ఉండేవి. నాలుగు స్తంభాల వసారా అది, మా నాన్న కట్టించింది. వీధిలోంచి వచ్చేవాళ్ళకి ముందు అదే కనిపిస్తుంది, ఇల్లు తర్వాత. మా చెల్లెలు పైడమ్మ కుట్టుమిషను అందులోనే ఉంటుంది. ఈ ఊరి ఆడవాళ్ళ జాకెట్లు మూడు తరాలుగా అక్కడే కుట్టింది. నేను విజయనగరంలో టీచరుగా చేసి, రిటైరయ్యి, మా ఆయన పోయాక దాని దగ్గరికి వచ్చేశాను. నెల్లిమర్ల మిల్లు కూత వినిపించేంత దూరంలో ఉంది మా ఊరు. పుట్టిన ఇంట్లోనే ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం.

మిషను తడిసి తుప్పు పట్టిన రోజున పైడి అంది: "పెంకులు మార్పిస్తే సరిపోదప్పా. మొత్తం తీయించీసి కొత్తది కట్టించుకుందాం. నీకు మెట్లకి బదులు ఏటవాలు పెట్టిద్దాం, మోకాళ్ళు నొప్పెట్టకుండా. నాకు మిషను దగ్గిరికి ఎల్తురు రావాల."

నేను సరేనన్నాను. "ఆ ఉత్తరం మూల స్తంభం మాత్రం ఉంచేద్దామే, అది గట్టిగానే ఉంది కదా," అన్నాను. పైడి కత్తెర పక్కన పెట్టి నా వైపు చూసింది. "మూడు కొత్తవి, ఒకటి పాతదీ ఏటి, బాగుంటాదా?" అంది.

పైడి సంగతి ఇక్కడే చెప్పాలి. దాని ఎత్తు మూడున్నర అడుగులు. ఆరో ఏట ఎంత ఉండేదో అరవై దాటాక కూడా అంతే ఉంది. ముఖం పెరిగింది, గొంతు పెరిగింది, జుట్టు నెరిసింది, మనిషి మాత్రం అక్కడే ఆగిపోయింది. మిషను తొక్కడానికి పెడలు మీద చెక్కదిమ్మ బిగించుకుంది. బట్టలు కత్తిరించే బల్ల కాళ్ళు కోయించుకుంది. మా ఇంట్లో గొళ్ళాలూ కుళాయీ స్విచ్చులూ అన్నీ దాని చేతికి అందే ఎత్తులో ఉంటాయి, నేనే వంగాలి. దాని మీద జాలి చూపించినవాళ్ళెవరూ రెండోసారి ఆ సాహసం చెయ్యలేదు.

కంట్రాక్టర్లు ముగ్గురు వచ్చారు. మొదటివాడు విజయనగరం నుంచి మోటారుసైకిలు మీద వచ్చి, ఫోనులో అద్దాల రెయిలింగులూ, నల్లరాతి గచ్చులూ చూపించాడు. మాట్లాడినంతసేపూ నాతోనే మాట్లాడాడు. ఇక్కడ ఊయల పెడితే పాప ఆడుకుంటుందని పైడిని చూపించి అన్నాడు. అది అప్పుడు ఎండకి నెత్తిన తువ్వాలేసుకుని, అటు తిరిగి కూర్చుని గుండీలు కుడుతోంది. తల తిప్పి, "పాప కాదు బాబూ, ఇల్లు నా పేరున ఉన్నాది. ఊయలొద్దు, నువ్వూ వొద్దు," అంది.

రెండోవాడు సాలూరు వైపు మనిషి, దగ్గర దగ్గర నా వయసే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం వచ్చాడు. తొందరపడకుండా ఒక్కో స్తంభం చుట్టూ తిరిగి, వేళ్ళతో కొట్టి చూసుకుంటూ, మూల స్తంభం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అడుగున పెళ్ళ లేచిన చోట తాపీ కొసతో గీకాడు. సున్నం రాలింది. లోపల ఇటుకలన్నీ అడ్డంగా పరిచి ఉంటే, ఒక్క ఇటుక మాత్రం నిలువుగా ఉంది. నేను ఆ స్తంభం పక్కన పెరిగినదాన్ని, ఆ సంగతి అంతవరకూ చూడలేదు. ఆయన మాత్రం చూసిన వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకి తుడుచుకున్నాడు.

"ఇది నాను ముట్టుకోనమ్మా," అన్నాడు లేస్తూ.

"ఏం?"

"నిలువిటిక పెట్టీనారు. మా మావ కాడ పని నేర్సుకున్నప్పుడు సెప్పీవోడు, కొలతున్న స్తంబాన్ని అలగ గురుతెడతారని. ఇంకేటీ అడక్కండి నన్ను."

పైడి తెచ్చిన టీ గ్లాసు గట్టు మీద అలాగే ఉండిపోయింది. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు, తర్వాత ఫోను చేస్తే ఎత్తలేదు. "కొలతేటప్పా?" అని పైడి అడిగింది. "నాకేటి తెలుసే," అన్నాను.

నాకు తెలుసు. నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచీ తెలుసు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రతిదీ మిల్లు కూతని బట్టి జరిగేది. మొదటి కూతకి అమ్మ పొయ్యి రాజేసేది, రెండో కూతకి నాన్న చల్దన్నం తిని బయల్దేరేవాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పటికి ఆయన చొక్కా నిండా, కనుబొమల నిండా జనపనార నూగు ఉండేది. నారకి పట్టించే నూనె వాసన ఆయనకంటే ముందే గుమ్మంలోకి వచ్చేది. గోనెసంచి విప్పితే వచ్చే వాసన అది. ఇప్పటికీ సంతలో గోనె వాసన వస్తే నాన్న ఇంటికొచ్చాడేమో అనిపిస్తుంది. మా మామ్మ, నాన్న తల్లి, అడ్డచుట్ట కాల్చేది. వెలిగే కొస నోటి లోపల పెట్టుకుని, పెదాలు మూసి, గంటల తరబడి కూర్చునేది. నడవలో మసకగా ఉండే మూల ఆమె చోటు. పొగ పీల్చినప్పుడల్లా ఆమె బుగ్గలు లోపల్నుంచి ఎర్రబారినట్టు కనిపించేవి. ఆవిడ నోరు తెరవకుండానే మాట్లాడేది. ఆ మాటలు ఎక్కడినుంచి వస్తున్నాయో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. పైడీ నేనూ ఆవిడ మంచం కింద గవ్వలాడుకునేవాళ్ళం. మంచం మీద పెద్దవాళ్ళ మాటలన్నీ మా మీదుగానే వెళ్ళేవి.

అప్పట్లో ఇంటి ముందు వసారా లేదు. జడివాన కొడితే నీళ్ళు నేరుగా నడవలోకి వచ్చేవి. కట్టిద్దామని నాన్న అనుకుని, అరసవల్లి అవతల ఊరు నుంచి అప్పలసూరి అనే తాపీమేస్త్రిని పిలిపించాడు. ఆయన ఎంత పొడుగంటే మా గుమ్మం దగ్గర తలతో పాటు భుజాలు కూడా వంచేవాడు. మాట తక్కువ. మా అరుగు చివర కూర్చుని, అమ్మ పెట్టిన అన్నం తల దించుకుని తినేవాడు. తిన్న చోటు తనే కడిగేవాడు. గానుగ సున్నం కలపడానికి మా ఊరి కూలి ఆడవాళ్ళిద్దరు రోజూ వచ్చేవారు. కొలతలకి తాడు కావాలంటే నాన్న మిల్లు పురికొస ఉండ ఒకటి ఇచ్చాడు.

మూడు స్తంభాలు సజావుగా లేచాయి. ఉత్తరం మూలది నడుమెత్తు వచ్చేసరికి పక్కకి ఒరిగి కూలిపోయింది. మళ్ళీ తవ్వి, రాళ్ళు కూరి, మళ్ళీ కట్టాడు. నాలుగో రోజు పొద్దున్న, గాలీ వానా ఏమీ లేకుండానే, మేమందరం చూస్తుండగా అది మెల్లగా వంగింది. ఎవరో మనిషి కూర్చోబోతున్నట్టు వంగింది. చప్పుడు తర్వాత వచ్చింది. కూలి ఆడవాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

ఆ రోజు మామ్మ ఆయన్ని నడవలోకి పిలిచింది. పైడి మంచం కింద గవ్వలు పరుచుకుని కూర్చుంది, నేను దాని పక్కన. మాకు మామ్మ పాదాలూ, మేస్త్రి మోకాళ్ళూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఏటి సెయ్యాలో నీకు తెల్దా?" అంది మామ్మ.

"తెలుసు తల్లీ. ఆ పని నానెప్పుడూ సెయ్యలేదు."

"ఇప్పుడు సెయ్యి. పేనమున్న మనిసి కొలత ఎయ్యి. నా కొడుకు ఈ ఇల్లు రెండుసార్లు కట్టలేడు."

"కొలతిచ్చినోలు మరి పెరగరు తల్లీ. నిలబడిపోతారు. ఎదిగినోలయితే బతకరు."

మామ్మ పొగ వదిలింది. చుట్ట వాసన కిందికి దిగింది. తర్వాత, "ఎవుల్నైనా సూడు," అంది. ఎవరిని అని ఆయనా అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం. నాన్న మిల్లులో ఉన్నాడు, అమ్మ దొడ్లో బట్టలుతుకుతోంది, కూలి ఆడవాళ్ళు అన్నానికి వెళ్ళారు. వీధిలో మనిషి లేడు. ఎండ నిలువుగా పడి, స్తంభాల నీడలు వాటి అడుగునే ముడుచుకుని ఉన్నాయి. పైడీ నేనూ గుమ్మంలో నిలబడ్డాం. అప్పలసూరి తన గోతి పక్కన నిలబడి, పురికొస ఉండ చేతిలో పట్టుకుని మమ్మల్ని చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఓ గుంటా, నువ్విటు రా."

నన్నే పిలిచాడు. దాని గురించి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. నేను కదల్లేదు. నాకు వేసవి వెళ్ళాక కొత్త క్లాసు ఉంది, అమ్మంత పొడుగు పెరగాలని ఉంది. నా కుడిచెయ్యి పైడి వీపు మీదకి వెళ్ళింది. నేను దాన్ని ముందుకి తోశాను. గట్టిగా కూడా కాదు. ఆటలో నీ వంతు వచ్చిందని చెప్పేటప్పుడు తోసినట్టు తోశాను.

అది రెండడుగులు నడిచి గోతి పక్కన నిలబడింది. ఆయన నన్ను చూశాడు, దాన్ని చూశాడు. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, పురికొస కొస దాని మడమ కింద పెట్టి, వీపు వెంట పైకి లాగి, నడినెత్తి దగ్గర ముడేశాడు. ముడి పడటానికి రెండు మూడుసార్లు పట్టింది. పైడి కళ్ళు మూసుకుని బొమ్మలా నిలబడింది. "ఎల్లండి నోపలికి," అన్నాడు నా వైపు చూడకుండా. నేను దాని చెయ్యి పట్టుకుని లోపలికి పరిగెత్తాను. కూత అయ్యాక బయటికి వచ్చి చూస్తే గొయ్యి పూడిపోయి ఉంది. మోకాలెత్తు కట్టడం లేచి ఉంది. అప్పలసూరి సున్నపు చేతులతో దాని పక్కన కూర్చుని ఉన్నాడు.

ఆ స్తంభం మళ్ళీ కూలలేదు. వసారా పూర్తయింది. చివరి రోజుల్లో మేస్త్రి మా ఇంట అన్నం ముట్టలేదు. శ్రావణమాసంలో ఆయన పోయాడని కబురొచ్చింది. జ్వరమని నాన్న అన్నాడు. అమ్మ ప్రతి ఏడూ గుమ్మం చెక్క మీద మా ఎత్తులు బొగ్గుతో గీసేది. నా గీతలు మెట్లలా పైకి వెళ్ళాయి. పైడి గీత మీద గీత, గీత మీద గీత పడి, ఒకే చోట నల్లగా బలిసింది. ఒకరోజు చూస్తే ఆ చెక్కకి ఎవరో సున్నం కొట్టేశారు. మామ్మ వేళ్ళకి సున్నం ఉంది. ఆ తర్వాత మామ్మ బతికినన్నాళ్ళూ మధ్యాహ్నంపూట ఒక చెంబుడు నీళ్ళు తెచ్చి ఆ మూల స్తంభం మొదట్లో పోసేది. ఎందుకని అమ్మ అడిగితే, వేడి అనేది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో డాక్టర్లు, ఒంట్లో ఎదగడానికి కావలసినది తయారు కావడం లేదనీ, దానికి మందు మన దగ్గర లేదనీ చెప్పారు. నాన్న నమ్మాడు. నేను నమ్మడానికి చాలా ప్రయత్నించాను. పాఠం చెప్తూ నల్లబల్ల దగ్గర నిలబడి ఉండగా ఒక్కోసారి హఠాత్తుగా నా కుడి అరచేతికి పిల్ల వీపు తగిలేది. చెమటకి తడిసిన పలచటి గౌను, దాని కింద వెన్నెముక.

మూడో కంట్రాక్టరు గౌరీశు. ముప్పై దాటినవాడు, పక్క ఊరు. వస్తూనే పైడి ఎదురుగా గచ్చు మీద కూర్చుని, దాని కళ్ళలోకి చూసి, ఏం కావాలో అడిగాడు. అది చెప్పింది. వాడు విన్నాడు. తర్వాత మట్టం చూడటానికి నీళ్ళు నింపిన పొడుగాటి ట్యూబు తీసి, ఒక కొస దాని చేతికిచ్చాడు. "అమ్మా, ఈ కొసట్టుకుని ఆ మూల స్తంబం కాడ నిలబడండి." అది వెళ్ళి, వీపు స్తంభానికి ఆనించి నిలబడింది. వాడు తతిమ్మా మూడు స్తంభాల దగ్గరా ట్యూబు పెట్టి నీళ్ళ మట్టం చూసుకుని, మళ్ళీ చూసుకుని, నెత్తి గోక్కున్నాడు.

"ఈ మూడూ జానెడు దిగిపోనాయి. ఆ మూలది ఏలెడు కూడా దిగలేదు. కట్టినప్పుడెలగ ఉన్నాదో అలగే ఉన్నాది."

"అయితే దాన్నుంచేద్దాం," అన్నాను నేను.

"వొద్దు," అంది పైడి. "ముందదే తీయి బాబూ."

గౌరీశు ముందు పెంకులూ వాసాలూ దింపించాడు. మూడు స్తంభాలు ఒక్క పూటలో నేలమట్టమయ్యాయి. నాలుగోది ఒక్కటీ, దేన్నీ మోయకుండా, ఆకాశం కింద నిలబడి ఉంది. పనివాళ్ళు అన్నానికి లేచారు. పైడి స్టూలు తెచ్చుకుని దాని ఎదురుగా కూర్చుంది. నేను పైడి పక్కన గచ్చు మీద కూర్చున్నాను. ఇక ఇప్పుడు చెప్పకపోతే గునపం చెప్తుందని తెలిసింది. మామ్మ మాటలు చెప్పాను. పురికొస చెప్పాను. మేస్త్రి పిలిచింది నన్నని చెప్పాను. ఆ తర్వాతి మాట దగ్గర ఆగిపోయాను.

పైడి స్తంభం మీంచి చూపు తిప్పలేదు. "నీ సెయ్యి నాకు గురుతుందప్పా," అంది. "గాజులు సప్పుడయినాయి."

"ఇన్నాళ్ళూ ఎందుకడగలేదే?"

"నువ్వు సెప్తావని సూసినాను."

గౌరీశు మనుషులు తిరిగొచ్చారు. స్తంభం పైనుంచి ఒక్కో ఇటుకా తీశారు. ఆ సున్నం ఎంత గట్టిదంటే ఉలి పెట్టి కొట్టాల్సి వచ్చింది. నేల మట్టానికి వచ్చాక, నిలువిటుక పక్కన గునపం వేస్తే బోలుగా మోగింది. రెండో పోటుకి గునపం సగం దాకా జారిపోయింది. గౌరీశు అందర్నీ వెనక్కి జరగమని, తనే బోర్లా పడుకుని మట్టి తోడాడు. లోపల్నుంచి ముక్కిన పాత ధాన్యం వాసన వచ్చింది.

"పాతరమ్మా. ఎనకటోలు దాన్యం దాసుకున్న గొయ్యి. పైన జానెడు మట్టే ఉన్నాది, కిందంతా ఖాళీ." వాడు లేచి కూర్చున్నాడు. "అందుకే అప్పుడు కూలిపోనాదన్న మాట. మరి తర్వాతెలగ నిలబడ్డాదో నాకు తెల్దు. గట్టి నేల మీదున్నవి దిగిపోనాయి. ఇది గాలి మీదున్నాది."

పాతర అంచున, ఇటుకల మధ్య గూడు కట్టి, అందులో ఒక మట్టి ముంత ఉంది. మూతికి సున్నం మెత్తి ఉంది. గౌరీశు దాన్ని గుడ్డతో పట్టుకుని పైకి తీసి, ఏం చెయ్యమంటారన్నట్టు పైడిని చూశాడు.

"పగలగొట్టు," అంది.

లోపల పురికొస చుట్ట ఉంది. ముదురు రంగుకి తిరిగింది కానీ పురి విడలేదు. ఆ మధ్యాహ్నపు ఎండలో, అరవై ఏళ్ళ నాటి నాన్న చొక్కా వాసన ఒక్కసారి గుప్పుమంది. చుట్టకి రెండు కొసలా రెండు ముడులున్నాయి. పైడి దాన్ని విప్పి, ఒక కొస మడమ కింద తొక్కిపెట్టి, రెండో కొస పట్టుకుని నడినెత్తి దాకా లాగింది. ఇంకా చాలా మిగిలింది. చెయ్యెత్తినంత మేరా ఎత్తింది, ఇంకా మిగిలింది. నేను లేచి ఆ కొస అందుకున్నాను. నా తల దాటింది. గౌరీశు పొడగరి, వాడి నెత్తి మీంచి కూడా నాలుగు వేళ్ళు పైకి వచ్చింది.

"ఇది మగమనిసి కొలతమ్మా," అన్నాడు.

పాతర అంతా వెదికించాం. ఇంకో తాడు లేదు. మా గుమ్మం దగ్గర భుజాలు వంచి నడిచిన మనిషిని ఆ వసారాలో చూసినవాళ్ళలో మేమిద్దరమే మిగిలాం. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అప్పటి మా ఇంట్లో అందరూ ఒకళ్ళ మంచి ఒకళ్ళు కోరినవాళ్ళే. మామ్మ కొడుకు ఇంటి కోసం చూసుకుంది. నేను నా ఎత్తు కోసం చూసుకున్నాను. ఆ కాలంలో మనుషులు కలిసిమెలిసి ఉండేవాళ్ళని నేను పిల్లలకి ఎన్నోసార్లు పాఠం చెప్పాను. కూలికి వచ్చిన పరాయి మనిషి ఒకడు మా గోతిలో దిగి, మా పిల్ల కొలత విప్పేసి, దానికి బదులు తన కొలత వేసుకున్నాడు. తోడబుట్టినదాన్ని నేను, నా చెయ్యి దాన్ని గోతి వైపు తోసింది. కొలతకీ చావుకీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. డాక్టర్ల మాటే నిజమై ఉండాలి. జ్వరమే అయి ఉండాలి. కానీ ఆయన నమ్మాడు. నమ్మి వేసుకున్నాడు. నేనూ నమ్మాను, నమ్మే తోశాను. ఆ రెండింటికీ తేడా ఏ డాక్టరూ చెరపలేడు.

గౌరీశు ఇనుమూ కాంక్రీటూ పోసి పాతర పూడ్చి, కొత్త వసారా కట్టాడు. అది బాగుంది. మిషను దగ్గరికి వెలుతురు వస్తోంది. వాడే తెలిసిన మేస్త్రీల ద్వారా అప్పలసూరి వాళ్ళ ఊరు కనుక్కున్నాడు. పైడి వెళ్దామంది. ఆదివారం అరసవల్లి గుడి రద్దీకి ఆటోలు దొరకవని, మామూలు రోజు చూసుకుని బయల్దేరాం.

ఆయన కూతురు అప్పయ్యమ్మ ఉంది, నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. చేపలు ఎండబెట్టిన వాకిట్లో మంచం వాల్చి మమ్మల్ని కూర్చోబెట్టింది. ఎవరమో చెప్పేలోపే పైడిని చూసి ఆగిపోయింది.

"నెల్లిమర్ల గుంటవి కాదూ నువ్వు?"

పైడి తలూపింది.

"మా నాయన ఆ పని నుంచొచ్చాక మరి తాపీ పట్టలేదమ్మా. గోడ కాడ కూకుండీవోడు. మిల్లుకెల్లీవోలు ఎవులు కనిపించినా అడిగీవోడు, ఆ బాబుగోరి సిన్నగుంట బాగున్నాదా అని. ఎదుగుతన్నాదా అని. జొరమొచ్చాక మాయమ్మతో అదే మాట. గుంట ముడి ఇప్పీసినాను, ఇప్పీసినాను అని. మాకేటీ అర్దం కాలేదు." ఆవిడ పైడిని మరోసారి కింద నుంచి పైదాకా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇప్పినా ఇలగే ఉండిపోనావా తల్లీ?"

"ఇది నా ఒంటిది అప్పయ్యమ్మా, మీ నాయనది కాదు," అంది పైడి. "ముంతలో ఆయన కొలతే ఉన్నాది, నాది నేదు. నాను బాగున్నాను. నా కాళ్ళ మీద నాను నిలబడ్డాను, పదిమందికి పని నేర్పినాను. ఆయనకి సెప్పలేకపోనాను. నీకు సెప్దామనొచ్చాను."

పురికొస చుట్ట ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని వాసన చూసి, ఒళ్ళో పెట్టుకుని, మేం లేచేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

తిరుగు దారిలో ఆటోలో మేమిద్దరమే. పైడి కాళ్ళు సీటు మీంచి గాల్లో వేలాడుతున్నాయి. గతుకు వచ్చినప్పుడల్లా నా మోచెయ్యి పట్టుకుంటోంది. సగం దారి దాటాక, బయటికి చూస్తూనే అడిగింది.

"ఆ దినం నన్నెందుకు తోసినావప్పా?"

ఇన్నేళ్ళలో ఎన్నో జవాబులు తయారుచేసుకున్నాను.

"బయమేసినాదే," అన్నాను.

"నాకూ ఏసినాది," అంది పైడి. "ఎనక నువ్వున్నావని నిలబడ్డాను."